వాన మాత్రమే చూసినవాడు

సోమలింగం కోపం సూరత్ లింబాయత్‌లో ఆయన ఉండే గల్లీకంతా తెలుసు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్లకు సూరత్ వచ్చి, ముప్పై ఏళ్లుగా మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. మాట్లాడితే అరుపే. ఎదుటివాడు నోరు తెరిచేలోపే విసుక్కుంటాడు. "ఆయనది నెత్తురే వేడి" అని భార్య సారక్క అందరికీ సర్దిచెప్పేది. నెత్తురు మామూలుదే. చెవులే పోయాయి.

ఒక్క రోజులో పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత కుక్కర్ ఈల, ఆ తర్వాత కూతురు సంగీత నవ్వు. మగ్గాల చప్పుడు మాత్రం మిగిలింది. కార్ఖానా మూసిన రోజున కూడా తలలో ఎక్కడో ఆడుతూనే ఉండేది.

కార్ఖానాలో ఈ సంగతి ఎవరూ పట్టలేకపోయారు. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. గొంతు వాడకుండా, నోరు పెద్దగా తెరిచి, పెదవులు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. సోమలింగం బయట కూడా అలాగే బతికాడు. పెదవులు కనబడితే చాలు, లోకం ఆయనతో మాట్లాడినట్టే.

కార్ఖానా సేఠ్ దగ్గర ఆయన పన్నెండు మగ్గాల మనిషి, అంతే. చాయ్ బండి దగ్గర మాత్రం సోమన్న. ఆదివారం తెలుగు సినిమా ఆడితే, సోమవారం ఆయన నోట తీర్పు వచ్చేదాకా మిగతావాళ్లు బాగుందనీ అనరు, లేదనీ అనరు. పెద్ద తెర మీద ముఖం ఇంటి గోడంత ఉండేది. ఒక్క మాట జారిపోయేది కాదు. ఆయన మాట చెల్లే చోటు భూమ్మీద అదొక్కటే.

ఆ చోటు కూడా పోయే రోజులొచ్చాయి. కరోనా రోగం వచ్చి సినిమా హాళ్లు మూశారు. ఊరికి పోయి, నాలుగు నెలలకు తిరిగొచ్చి చూస్తే మనుషుల నోళ్లు కూడా మూసుకుపోయాయి. ఇన్నేళ్లు తను నేసిన గుడ్డ తన మీదే కక్ష కట్టి ఊరందరి ముఖాల మీదికీ ఎక్కినట్టుంది. అప్పటినుంచి సోమలింగం అరుపు రెండింతలైంది. తనే ముందు మాట్లాడేవాడు, ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

రెండువేల ఇరవై ఒకటి జనవరిలో ఒక కొత్త తెలుగు సినిమా ఫోన్లలోకి వచ్చింది. ఆదివారం ఎవరింట్లో వాళ్లు చూశారు. సోమవారం సాయంత్రం సోమలింగం చాయ్ బండి దగ్గరికి వస్తూనే తీర్పు చెప్పాడు.

"గా సినిమా చెత్త. ఆఖర్ల ఏముంది? వాన. ఐదు నిమిషాలు పొలం మీద వాన. డైరెక్టర్ నిద్రపోయిండు, కెమెరా బంద్ చేసుడు మర్చిపోయిండు."

బట్టల మడత షాపులో పనిచేసే బుచ్చిరాములు మాస్కు గడ్డం కిందికి లాగి చాయ్ తాగుతున్నాడు. "గట్లంటవేందే సోమన్నా? నేనైతే ఏడ్చిన."

"వాన జూసి ఏడుస్తర్రా? మరి జూన్ల నిన్నెవడు ఊకుంచాలె?"

నలుగురు నవ్వారు. సదానందం నవ్వలేదు. ఆయనవి సోమలింగం పక్క వరస మగ్గాలు. పోయిన జూలైలో ఆయన అన్న ఆసుపత్రిలో చనిపోయాడు. ఫోన్‌లో పంపిన ఒక్క వాయిస్ మెసేజ్ మిగిలింది. ఆ రోజు నుంచి సదానందం నలుగురిలో మాస్కు దించలేదు. చాయ్ కూడా సీసాలో పోయించుకుని ఇంటికి పట్టుకుపోతాడు.

ఇప్పుడు ఆయన ఏదో అంటున్నాడు. గుడ్డ ఉబ్బింది, లోపలికి పోయింది, మళ్లీ ఉబ్బింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏందిరా?" అన్నాడు సోమలింగం.

గుడ్డ మళ్లీ కదిలింది. బుచ్చిరాములు అటు తిరిగి ఏదో జవాబిస్తున్నాడు, మెడ మాత్రమే కనబడుతోంది. తన తీర్పు మీద తన ఎదుటే పంచాయితీ నడుస్తోంది, ఒక్క ముక్క అందడం లేదు. సోమలింగానికి ఒళ్లు మండిపోయింది.

"గుడ్డ తీసి మాట్లాడు!"

సదానందం తల అడ్డంగా ఊపాడు. సోమలింగం ఒక్క అడుగు ముందుకేసి, చెయ్యి చాచి, ఆయన ముఖం మీది మాస్కు కిందికి గుంజేశాడు.

సదానందం రెండు చేతులతో ఛాతీ మీద నెట్టిన నెట్టుకు సోమలింగం వీపు గోడకు తగిలింది. ఇప్పుడు నోరు కనబడుతోంది. ప్రతి మాటా కొట్టినట్టు కనబడుతోంది.

"మా అన్న సచ్చి ఆర్నెల్లు గాలె, నా మొఖంల మొఖం పెడ్తవా? సిగ్గులేనోడా! గా వానల తల్లి మాట్లాడుతుంది! కొడుక్కు ఫోన్ల చెప్పిన ఆఖరు మాటలు! నీకేమో వానొక్కటే కనబడె. గుండెనా రాయా అది?"

తల్లా? సోమలింగం జ్ఞాపకంలో ఆ పొలమంతా వెతికాడు. గట్టు మీద లేదు, చెట్టు కింద లేదు.

"తల్లి ఏడ కనబడ్డది?"

"కనబడలే అన్నా," అన్నాడు బుచ్చిరాములు ఇటు తిరిగి. "వినబడ్డది." సోమలింగం చెవుల వైపు చూశాడు. "నీకు... వినబడలేదా?"

ఫోన్ పాడైందని చెప్పొచ్చు. సంగీత సౌండ్ తగ్గించిందని చెప్పొచ్చు. కానీ అబద్ధం కంటే కోపమే ముందొచ్చింది.

"వినబడది! పదేండ్లాయె, ఏం వినబడది నాకు! సమజైందా? పోయి సేఠ్‌కు చెప్పుకోండ్రి, ఊరంత దండోరా కొట్టుకోండ్రి!"

గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి. బుచ్చిరాములు చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"మరి పాటలు? ఓ సినిమా పాటలు నువ్వు చెత్తన్నవని మా చెల్లె పెండ్లి బరాత్‌ల ఒక్కటి గూడ పెట్టలేదు గదనే!"

"చెత్తనే! హాల్ల ఒక్క కాలు ఆడలే. పాట మంచిగుంటే ముందు కుర్చీ ఊగుతది, నా మోకాలికి తెలుస్తది. నీకు రెండు చెవులుండి ఏం తెలిసింది?"

మళ్లీ నవ్వులు లేచాయి. ఆయన వాటిని చూడలేదు. సదానందం మాస్కు సర్దుకుని గల్లీ దాటి పోతున్నాడు. ఆ వీపును చూస్తుంటే సోమలింగానికి తన చెయ్యి మీదే కోపం వచ్చింది. తప్పైందని ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆ మాట ఎలా మొదలవుతుందో కూడా తెలియదు.

మురుగు మోరీ అవతల, మూసిన దర్జీ కొట్టు ముందు సదానందం ఆగాడు. వెనక్కి తిరిగాడు. అటూ ఇటూ చూసి, దగ్గరలో ఎవరూ లేరని తేల్చుకుని, తన మాస్కు తానే కిందికి లాగాడు. గొంతు లేకుండా, నోరు బారెడు తెరిచి, ముందు సోమలింగం ఏడు తరాలనూ తిట్టాడు. సోమలింగం ఒక్క తిట్టూ వదలకుండా తీసుకున్నాడు.

తర్వాత సదానందం పెదవులు నెమ్మదించాయి.

"ఆమె ఏమన్నదంటే... బిడ్డా, బువ్వ తిన్నవా? ఈడ వాన పడుతున్నది. నాకేం గాలె, నువ్వు పరేషాన్ గాకు. బర్రె ఈనింది. జున్ను పక్కింటోళ్లకిచ్చిన, నీ గిన్నె అట్లనే ఉంచిన..."

సోమలింగం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. కళ్లలో ఏదో అడ్డం పడి పెదవులు చెదిరిపోతుంటే, మోచేత్తో గట్టిగా తుడుచుకుని గల్లీ అదిరేలా అరిచాడు.

"గసొంటి తల్లి మొఖం చూపెట్టకపోతే ఎట్లరా? ఆ డైరెక్టర్‌ను తన్నాలె!"

"ఇంక రెండు నిమిషాలున్నది," అన్నాయి అవతలి పెదవులు. "నోర్మూసుకోని చూడు."