చీకటి గదిలో మా ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. జెబెల్ అలీలోని కోల్డ్ రూములో, గాజు గోళాలు సరిచూస్తూ పోయారు. అల్ ఖూజ్‌లో నేనిప్పుడు చేస్తున్న ఏసీ వర్క్‌షాపుకు కబురందేసరికే ఆయన్ను మార్చురీకి తీసుకెళ్ళారు.

ఆయన నెల్లూరు సాయిబు. ఆయన చేతికింద కొన్నేళ్ళు పనిచేశాను. ఆ గోళాలు దక్షిణ ధ్రువం దగ్గర మంచులో లోతుగా దించేవి. న్యూట్రినో అనే కణం మంచును ఢీకొంటే ఎప్పుడో ఒకసారి చిన్న మెరుపు పుడుతుందట. దాన్ని పట్టే కన్ను ఒక్కో గోళంలోనూ ఉంటుంది. ఒకే మెరుపుకు అన్ని కళ్ళూ ఒకే లెక్క చెప్పాలి. అది చూడటమే మా పని. గడ్డకట్టే చలిలో, కటిక చీకట్లో, చక్రాల స్టాండు మీద మినుకుమనే చిన్న దీపాన్ని ఉస్తాద్ ఒక్కో గోళం ముందుకూ జరిపేవారు. బయట తెర మీద మేం లెక్క చూసేవాళ్ళం. వెలుతురు పడితే ఆ కళ్ళు పాడవుతాయి గనక, ఆయన లోపలినుంచి తట్టేదాకా తలుపు తీయకూడదు.

అనుమానమొస్తే ఒకే గోళం దగ్గర ఆగిపోయేవారు. మేం ఆకలికి విసుక్కుంటే ఒకటే మాట.

“మంచులోకి పోయినాక దీన్ని తీసి చూసేదానికి ఎవురూ పోలేరబ్బయా. ఇక్కడే చూడాల.”

బయట ఎండ మాడ్చేస్తున్నా మంకీ క్యాపుతోనే కంపెనీ బస్సెక్కేవారు. అందరూ నవ్వితే ఆయనా నవ్వేవారు. ఒక్కోసారి రొమ్ము పట్టుకుని మెట్ల మీద కూలబడేవారు. అడిగితే గ్యాస్ అనేవారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, అన్‌ఫిట్ అని రాశాడంటే ఖలాస్, వీసా పోతుందని కసిరేవారు. ఇంటిదగ్గర పిల్లలింకా చదువుకుంటున్నారు. ఆ భయం తప్పని నేననలేను. అయినా ఆయన మీద నాకు కోపంగా ఉంది. ఆ కోపం చూపించడానికి మనిషి లేడు.

నిన్న ఆ కంపెనీ పనివాళ్ళుండే క్యాంపుకు వెళ్ళాను. ఆరోజు తెర ముందు కూర్చున్న జగిత్యాల తమ్ముడు అన్నం ముట్టడం లేదు. దీపం ఒక గోళం ముందు ఆగి, పక్కదానికి జరగలేదట. ఉస్తాద్ సంగతి తెలిసిందే కదా, మళ్ళీ చూసుకుంటున్నారనుకుని ఆయనకు చాయ్ కూడా తెప్పించి పెట్టారట.

“లెక్క కరెక్టే వస్తుండె అన్నా. మళ్ళ మళ్ళ గదే లెక్క. మంచిగనే సూస్తుండని కూసున్నం.”

చాయ్ చల్లారిపోయాక అనుమానమొచ్చి, బయట లైట్లన్నీ ఆర్పి తలుపు తీశారు. ఆయన స్టాండు పక్కన నేలమీద ఒరిగి ఉన్నారు. దీపం మినుకుమంటూనే ఉంది. ఎదురుగా ఉన్న గోళం ఒక్క మెరుపూ వదలకుండా లెక్కపెడుతూనే ఉంది.