ఒంటిచేతి స్టూడియో

ఆమదాలవలసలో స్టేషన్ నుంచి బజారుకు వెళ్లే దారిలో సూర్యారావుకు ఫొటో స్టూడియో ఉంది. రైలు దిగి వచ్చేవాళ్లకు పాస్‌పోర్ట్ ఫొటోలు తీస్తాడు. ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు ఒప్పుకుంటాడు. మొన్న మాఘమాసంలో పొందూరులో ఒక పెళ్లి ముగించుకుని, ఫొటోలు స్టూడియో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే పెరట్లో మొహం కడుక్కుంటుంటే ఎడమ చేతిలోని చెంబు జారి పడింది. తీద్దామని వంగాడు, చెయ్యి కదల్లేదు. భార్యను పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. అప్పలనరసమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, కేకలు పెడుతూనే ఆటో పిలిచి, అతన్ని శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చింది.

పక్షవాతమే గాని, వేళకు తెచ్చారు కనక గండం గడిచిందన్నారు డాక్టర్లు. మాట తిరిగొచ్చింది. పట్టు తప్పిన కాలు కూడా దారికొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం తనది కానట్టు వేలాడుతూ ఉండిపోయింది.

ఎండలు తగ్గాక స్టూడియో తెరిచాడు. కెమెరాతో ఇబ్బంది లేదు, స్టాండుకు బిగించి కుడిచేత్తో నొక్కొచ్చు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక గాని ఎడమ చెయ్యి ఇన్నాళ్లూ ఎంత పని చేసేదో తెలియలేదు. కుడి చెయ్యి మౌస్ తిప్పుతుంటే, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్ నొక్కుతూ సగం పని అదే చక్కబెట్టేది. ఇప్పుడు మౌస్ వదిలి కీబోర్డుకు, కీబోర్డు వదిలి మౌస్‌కు ఒక్క చెయ్యే పరుగులు పెట్టాలి. రెండు మీటలు కలిపి నొక్కుతూ మౌస్ లాగాల్సి వస్తే అక్కడితో ఆగిపోవడమే.

మొదటిరోజు ఉద్యోగం దరఖాస్తు కోసం ఒకమ్మాయి వచ్చింది. ఫొటో బాగానే వచ్చింది. దాన్ని దరఖాస్తుకు పట్టేంత చిన్న సైజుకు తగ్గించాలి. సూర్యారావు చెయ్యి మౌస్‌కూ కీబోర్డుకూ మధ్య తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయి గడియారం చూసి, మళ్లీ చూసి, చివరికి లేచింది. "రైలు ఎళ్లిపోద్ది బాబూ. ఏటనుకోకండి, ఇంకోసోట తీయించుకుంటాను" అని మొహమాటంగా వెళ్లిపోయింది.

మర్నాటినుంచి అప్పలనరసమ్మ వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది. "మీరు సెప్పండి, నేను నొక్కుతాను" అంది. అతను కంట్రోల్ అంటే ఆమె కీబోర్డంతా వెతికేది. ఆమె నొక్కేసరికి అతని మౌస్ ఇంకెక్కడికో పోయేది. ఒకసారి ఇద్దరూ కలిసి ఒక పెద్దాయన ఫొటోలో తల కత్తిరించేశారు. పడీపడీ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక సూర్యారావు మౌస్ పక్కకు నెట్టేశాడు.

"పక్క సెల్‌ఫోన్ల షాపు జగన్నాధం మళ్లీ అడిగేడండి" అంది అప్పలనరసమ్మ మెల్లగా. "షాపు ఆడికి ఇచ్చెద్దుం. మీరు బాగుంటే నాకంతే సాలు."

"కొన్నాళ్లు ఆగు" అన్నాడు గాని, ఏం చూసుకుని ఆగమన్నాడో అతనికే తెలియదు.

అప్పలనరసమ్మ తమ్ముడు గోపి విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. బావ కంప్యూటర్ ముసలిదైపోతే, లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టమ్ ఎక్కించి మళ్లీ నడిపించింది అతనే. ఆరోగ్యం కనుక్కుందామని ఫోన్ చేస్తే సూర్యారావు తన గోడంతా వెళ్లబోసుకున్నాడు.

గోపి అంతా విని అడిగాడు. "రోజూ సేసే పని ఒకటే గదా బావా, ఫొటో సైజు తగ్గించడం?"

"ఒకటేరా. అదే నా వల్ల అవటం నేదు."

"ఫోల్డర్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ సేస్తే ఏటొస్తాది?"

"ఓపెన్, కాపీ, డిలీట్... అయ్యే."

"ఆ వరసలో నీ పని కూడా సేర్సుకోవచ్చు బావా. పేరు నువ్వే పెట్టుకో. ఏటి సెయ్యాలో ఒక్కసారి కమాండు రాసి ఒగ్గేయ్. ఇంక నొక్కడమే. దానికి కుడిచెయ్యి సాలు."

సూర్యారావు నమ్మలేదు. అయినా గోపి చెప్పినట్టే ఫోల్డర్ కిటికీ పైనున్న మెనూలో సొంత కమాండ్లు పెట్టుకునే చోటు తెరిచాడు. ఒక గడిలో పేరు, ఒక గడిలో కమాండు. పేరు దగ్గర 'చిన్న ఫొటో' అని కొట్టాడు. కమాండు గోపి రాసి బావ ఫోన్‌కు పంపాడు. అందులో పర్సెంట్ గుర్తు, దాని పక్కన ఎఫ్ ఉన్నచోట మనం ఎంచుకున్న ఫొటోలు వచ్చి కూర్చుంటాయట. ఒంటివేలితో ఒక్కో అక్షరమే పేర్చాడు. రైట్ క్లిక్ చేస్తే మెనూలో ఆ పేరే లేదు. ఫొటోలకు మాత్రమే కనబడాలని ఒక టిక్కు పెట్టడం మరిచిపోయాడు. టిక్కు పెట్టాక పేరు కనబడింది గాని, నొక్కితే ఏమీ జరగలేదు. కమాండులో ఒకచోట ఖాళీ వదలలేదు. అదీ సరిచేసి మళ్లీ నొక్కాడు. కళ్ల ముందే ఫొటో సైజు దిగిపోయింది.

"ఒసే, ఇలగ రా! సూడు!" అని భార్యను కేకేశాడు. ఆమెకు చూపించడానికే ఇంకో నాలుగు ఫొటోలు తగ్గించాడు.

ఆ ఊపులో పొందూరు పెళ్లికొడుకు లక్ష్ముడు గుర్తొచ్చాడు. జబ్బు సంగతి తెలిసి, ఆల్బమ్ కోసం ఒక్కసారి కూడా తొందరపెట్టని మనిషి. కొన్ని ఫొటోలైనా ఫోన్‌కు పంపమని మొన్ననే అడిగాడు. సూర్యారావు పెళ్లి ఫోల్డర్ తెరిచి, ఫొటోలన్నీ ఎంచుకుని, 'చిన్న ఫొటో' నొక్కేశాడు. అన్నీ పంపించాడు.

సాయంత్రం లక్ష్ముడు ఫోన్ చేశాడు. "ఎంత బాగున్నాయన్నా! అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తంటే మా అత్త ఒక్కతీ నవ్వుతున్నాది, సూసేవా? అది గోడకి పెద్దది కట్టించన్నా."

సూర్యారావు ఆ ఫొటో తెరిచి పెద్దది చేశాడు. అత్తగారి మొహం గళ్లుగళ్లుగా విడిపోయింది. పక్కది తెరిచాడు. అదీ అంతే. తలంబ్రాలు, సుముహూర్తం, అన్నీ అంతే. కాపీ తీసుకుని దాని మీదే నొక్కమని గోపి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ కమాండు చిన్న ఫొటోను విడిగా పెట్టదు, పెద్దదాని మీదే రాసేస్తుంది.

బల్ల పట్టుకుని లేవబోయి పక్కకు ఒరిగాడు. మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోయి అప్పలనరసమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు పట్టింది. గోపికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టిందీ ఆమే.

"ఆ ఫైళ్లు ఎనక్కి రావక్కా" అన్నాడు గోపి. "పెళ్లికి తీసిన కెమెరా కార్డులో నేవా?"

"కార్డులో ఎందుకుంటాయిరా?" అన్నాడు సూర్యారావు నీరసంగా. "తరవాతి పెళ్లికి ఎళ్లేముందు తుడిసేస్తాను గదా."

అప్పలనరసమ్మ అతని మొహంలోకి చూసింది. "తరవాతి పెళ్లికి మీరు ఎక్కడికెళ్లేరండీ?"

సూర్యారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పెళ్లి మర్నాడే కదా చెయ్యి పడిపోయింది! స్టూడియోలో వాడేది పాత కెమెరా. పెళ్లి కెమెరా బ్యాగు ఆ రోజు బీరువాలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆమె ఆటోలో ఇంటికెళ్లి బ్యాగు తెచ్చేదాకా అతను గుమ్మంలోంచి కదల్లేదు. కార్డు పెట్టాడు. ఫొటోలు ఒక్కొక్కటే తెర మీద తేలాయి. అత్తగారిది పెద్దది చేశాడు. చెవి దుద్దు రాళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ఇన్ని నెలలుగా తిట్టుకుంటున్న జబ్బే ఈ పెళ్లిని కాపాడిందని తట్టి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి. అప్పలనరసమ్మ కొంగుతో అతని మొహం తుడిచి, "ఇంక పదండి, ఇంటికెళ్దుం" అంది.

మర్నాడు మొట్టమొదట ఆ కార్డును రెండుచోట్ల కాపీ చేశాడు. తరవాత గోపి చేత ఫోన్‌లో చెప్పించుకుంటూ కమాండు మార్చాడు. ఇప్పుడది పెద్ద ఫొటో జోలికి పోదు, చిన్నదాన్ని 'చిన్నవి' అనే ఫోల్డర్‌లో విడిగా పెడుతుంది. అది కుదిరాక ధైర్యం వచ్చింది. పాస్‌పోర్ట్ ఫొటోలు ఒక కాగితం మీద పేర్చడానికి ఒకటి, దరఖాస్తులకు స్కాన్ చేసిన సంతకం సైజు తగ్గించడానికి ఒకటి తనే చేర్చుకున్నాడు. ప్రతి కొత్త కమాండునూ ముందు తన సొంత ఫొటో మీదే నొక్కి చూసుకున్నాడు.

జగన్నాధం వస్తే, "షాపు ఇవ్వడం నేదు బాబూ" అని చెప్పేశాడు. అప్పలనరసమ్మ అతని పక్కనున్న కుర్చీ తీసేసి, మళ్లీ తన ఇంటి పనుల్లో పడింది. లక్ష్ముడి ఆల్బమ్ కొంచెం ఆలస్యంగానే అయినా పొందూరు చేరింది. శ్రావణంలో బజారులోనే ఒక నిశ్చితార్థం ఉందని అడిగితే సూర్యారావు వెంటనే ఒప్పుకున్నాడు. స్టాండు మోయడానికి ఎవరినైనా ఇవ్వాలని మాత్రం ముందే మాట తీసుకున్నాడు.