గుంపులో పసుపు కోటు

ఎటెల్కా బోర్‌షోష్ నలభై మూడేళ్ళపాటు సూపర్ హీరోల బొమ్మల పుస్తకాలకు రంగులద్దింది. ఆ నలభై మూడేళ్ళలో ఒక్క రంగునూ కుంచెతో ముట్టుకోలేదు. వినేవాళ్ళకు వింతగా ఉంటుందిగానీ, అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆ పని తెలిసిన ఆడవాళ్ళెవరికీ అందులో వింత లేదు.

న్యూయార్క్ నుంచి గీసిన బొమ్మ వచ్చేది. దానితోపాటు ఏది ఎర్రగా ఉండాలో, ఏది నీలంగా ఉండాలో చూపే నమూనా కాగితం వచ్చేది. ఎరుపుకు కొన్ని, నీలానికి కొన్ని, పసుపుకు కొన్ని పల్చటి ఫిల్మ్ రేకులు తీసుకుని, ఆ రంగు పడాల్సిన చోటల్లా గోధుమరంగు పూతతో నింపాలి. అన్ని రేకుల మీదా అదే గోధుమరంగు. ఆ రేకుల నుంచి అచ్చు పలకలు తయారయ్యేవి. అసలు రంగులు ఎక్కడో దూరాన, అచ్చుయంత్రం మీద పుట్టేవి. పొడుగాటి బల్లలకు రెండు వైపులా ఇరవైమంది ఆడవాళ్ళు తలలు వంచుకుని కూర్చునేవాళ్ళు. ఎక్కువమంది హంగేరీ వాళ్ళ కూతుళ్ళు, ఇటలీ వాళ్ళ కూతుళ్ళు. నాన్నలు ఇత్తడి కార్ఖానాల్లో, అమ్మలు బట్టల కుట్టుపనిలో.

ఎటెల్కా ఆ దుకాణంలో చేరింది పంతొమ్మిది వందల యాభై ఒకటిలో. చెయ్యి వణకదు, గీత దాటదు. అందుకని మూడేళ్ళకే లోపలి పేజీల నుంచి తీసి అట్టలకు వేశారు. అప్పుడే దేశమంతా ఆ పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయని గోల లేచింది. దాంతో అట్టల మీంచి నెత్తురు పోయింది, పుర్రెలు పోయాయి. కండలు తిరిగిన వీరుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, ఆకాశంలో తేలుతూ, పక్కనే పెద్ద మాటల బుడగలో తన కష్టం తానే చెప్పుకునేవాడు. కింద ఊరు. ఊళ్ళో జనం. టోపీల మగవాళ్ళు, చేతిసంచుల ఆడవాళ్ళు, అందరూ తలలెత్తి వేళ్ళు చూపించేవాళ్ళు. ఆ రోజుల్లో జనం లేని అట్ట అరుదు.

చెల్లెలు మార్గిత్ ఏడేళ్ళు చిన్నది. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె దెబ్బతిన్న పిల్ల. బరువులు ఎత్తలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. అందుకే ఎటెల్కా యజమాని టట్‌హిల్‌ని బతిమాలి యాభై ఏడులో దాన్ని తన బల్లకే తెచ్చుకుంది. ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ముఖ్యమైన బొమ్మ అక్క చేస్తే, మూలలూ గుంపులూ చెల్లెలు చేసేది.

నమూనా కాగితంలో గుంపుకు ఎప్పుడూ ఒకటే రంగు. అంతా ఊదా, లేదా అంతా బూడిద. మార్గిత్ మాత్రం ఆ గుంపులో ఒక ఆడమనిషిని ఎంచుకునేది. ఎరుపు రేకు మీదా, నీలం రేకు మీదా ఆమె కోటు మేర ఖాళీ వదిలి, పసుపు రేకు మీద నింపేది. పుస్తకం అచ్చయి వస్తే ఆ ఊదారంగు గుంపులో ఒక్క పసుపు కోటు.

"కాగితంలో లేనిది ఎందుకు చేస్తావే?" అని ఎటెల్కా మొదట్లోనే అడిగింది.

"అంతమందీ ఒకే రంగు కోటు వేసుకుంటారా అక్కా ఎక్కడైనా? మన బస్సు కోసం నిలబడే పదిమందిలో చూడు, ఒకరైనా వేరేగా ఉండరూ?"

"వాళ్ళు అడిగింది చెయ్యడమే మన పని."

"వాళ్ళు ఆ గుంపుని చూడనే చూడరు. నేనొక్కదాన్నే చూస్తాను."

బల్ల చివర కూర్చునే ఫిలొమీనా నోటిదురుసు మనిషి. "పోనీవే, గుంపులో పిల్లకి మొగుణ్ణి కూడా వెతికిపెడుతుందేమో," అనేది. అందరూ నవ్వేవాళ్ళు.

అరవై ఆరు వేసవిలో ఒక అట్ట వచ్చింది. వీరుడు మేడ మీద నుంచి తలకిందులుగా పడిపోతున్నాడు, కింద జనం. అప్పటికి అట్టల తీరు మారుతోంది. బొమ్మలో ఊపు పెరిగింది, వీరుడి చెయ్యి చూసేవాడి ముఖం మీదికి వచ్చేట్టు గీస్తున్నారు. మార్గిత్ అలవాటు ప్రకారం ఒక కోటు పసుపు చేసింది. పుస్తకం బజారులోకి వచ్చిన వారానికి న్యూయార్క్ నుంచి ఫోను. టట్‌హిల్ గదిలో రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాడు. అవతలి కేక బల్లల దాకా వినిపించింది.

"మా హీరో చస్తుంటే చూసేవాడి కన్ను ఎక్కడికి పోతోందయ్యా? ఎవతో దాని కోటు మీదికి!"

టట్‌హిల్ బయటికొచ్చి ఎటెల్కా పక్కన నిలబడ్డాడు. అప్పటికామె ఆ బల్లకు పెద్ద. "విన్నావుగా. నువ్వే చూసుకో," అని వెళ్ళిపోయాడు.

ఏం చూసుకోవాలో ఆయన చెప్పలేదు. ఎటెల్కాకు మాత్రం ఇరవై జతల కళ్ళు తనమీదే ఉన్నాయనిపించింది. వేరే పిల్ల చేసుంటే ఊరుకునేదా, సొంత చెల్లెలు కాబట్టి వదిలేసింది అనుకోరూ? లేచి అందరి ముందూ చెప్పింది. "మార్గిత్, రేపట్నుంచి నువ్వు వెనక బల్లకు వెళ్ళు. లోపలి పేజీలు చెయ్యి. నీకు అట్టలు లేవు."

మార్గిత్ కుంచె పక్కన పెట్టింది. "నువ్వు నాకు అక్కవా, మేస్త్రీవా?"

"ఇక్కడ మేస్త్రీనే."

మర్నాడు మార్గిత్ తన కుంచెలు పట్టుకుని వెనక బల్లకు వెళ్ళింది.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో, వెస్ట్ ఎండ్ పేటలో మూడో అంతస్తు. ఆ తర్వాత ఐదు నెలలు ఆ ఇంట్లో ఉప్పు ఇవ్వు, తలుపు వెయ్యి, బొగ్గులవాడు వచ్చాడు, ఇంతే మాటలు. ఎటెల్కా ఆదివారం గసగసాల రొట్టె చేస్తే మార్గిత్ తన ముక్క కాగితంలో చుట్టుకుని గదిలోకి పోయేది. పొద్దున్నే కలిసి వెళ్ళే బస్సు మానేసి తర్వాతి బస్సు ఎక్కేది. ఎటెల్కా మాట్లాడదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళింది. కాస్త చల్లారనీ, క్రిస్మస్ వస్తోందిగా, అప్పుడు చూద్దాం అనుకుంది.

డిసెంబరు మొదటివారంలో, మంచు పడుతున్న పొద్దున, బస్సు కోసం నిలబడ్డ చోటే మార్గిత్ కూలిపోయింది. ఫిలొమీనా అదే బస్సులో వచ్చేది. ఆసుపత్రి దాకా వెళ్ళి, పదిన్నరకు తిరిగొచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఎటెల్కా, లే. మార్గిత్ పోయిందే."

ఎటెల్కా చేతిలోని కుంచెను నీళ్ళలో కడిగింది. గుడ్డతో తుడిచింది. మొన ముక్కుగా తీర్చి, రోజూ పెట్టే డబ్బాలో పెట్టింది. అప్పుడు లేచింది. ఆ కుంచె ఎందుకు కడిగానని తర్వాత చాలా ఏళ్ళు తనను తాను అడుగుతూనే ఉంది.

పెళ్ళి చేసుకోలేదు. మార్గిత్ గది అద్దెకివ్వలేదు. పనిలోకి మాత్రం మానకుండా వచ్చేది. డెబ్బైలు వచ్చేసరికి అట్టలు చీకటి పట్టాయి. నవ్వే వీరుడు పోయి, తల వంచుకుని వానలో నిలబడే వీరుడు వచ్చాడు. వెనక చెత్తకుండీలు, పగిలిన కిటికీలు. బ్రిడ్జ్‌పోర్ట్ కూడా అలాగే ఉంది; కార్ఖానాలు ఒక్కొక్కటే తలుపులు మూసుకుంటున్నాయి. నల్లరంగుకు గీసిన బొమ్మే చాలు, అది ఎక్కువై రేకుల పని తగ్గింది. జనం కూడా తగ్గారు. ఏడాదికి మూడో నాలుగో అట్టల మీద గుంపులు ఉంటే ఎక్కువ.

డెబ్బై ఏడులో అలాంటిదొకటి వచ్చింది. మంటల్లో మేడ, కింద ముప్ఫైమంది జనం. నమూనాలో అందరికీ మసకనీలం. ఎటెల్కా రోజంతా ఆ అట్ట ముందు కూర్చుంది. చివరికి ఒక ముసలామెను ఎంచుకుని, నీలం రేకు మీద ఖాళీ వదిలి, పసుపు రేకు మీద కోటు నింపింది. బాధ్యత తనదేనని చెప్పుకోవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

పుస్తకం వచ్చింది. కోటు పసుపుగా, స్పష్టంగా పడింది. వారం గడిచింది, నెల గడిచింది. ఫోను రాలేదు. ఎటెల్కా ఉండబట్టలేక టట్‌హిల్ గదిలోకి వెళ్ళింది.

"న్యూయార్క్ వాళ్ళు ఏమైనా అన్నారా అండీ?"

"దేనికి?"

ఆమె పుస్తకం ముందుపెట్టి వేలు చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "ఓ, ఇదా. ఇవన్నీ ఇప్పుడెవరు చూస్తున్నారు ఎటెల్కా? మూలన ఆ బార్‌కోడ్ గీతల పెట్టె సరిగ్గా అచ్చయిందా, కొట్టువాడి పనికి అడ్డం రాలేదు కదా, అదొక్కటే అడుగుతారు."

"మరి అప్పుడు అంత కేకలేశారు కదా."

"ఎప్పుడు?" మార్గిత్ చేసిన అట్ట సంగతి ఆమే గుర్తు చెయ్యాల్సి వచ్చింది. "ఆ మనిషా? ఆయనకా రోజు ఎవరిమీదో చిరాకు. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి వేరే సంగతి మాట్లాడాడు, దీని ఊసే లేదు."

"నాకు చెప్పలేదు మీరు."

"చెప్పడానికేముంది? నిన్ను చూసుకోమన్నాను. పిల్లను దించమన్నానా?"

ఎటెల్కా పుస్తకం తీసుకుని బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆమె కుంచె గీత దాటింది. రేకు పారేసి కొత్తది మొదలుపెట్టింది.

తర్వాత అట్టలు నూనెరంగుల బొమ్మలై వచ్చాయి. కెమెరాయే వాటి రంగుల్ని వేర్వేరు రేకులుగా విడదీసేది. ఆడవాళ్ళు ఇరవైమంది కాస్తా పదకొండుమందయ్యారు, ఆరుగురయ్యారు. తొంభైల్లో కంప్యూటరు వచ్చింది. ఒకే కథకు ఐదు అట్టలు, తళతళలాడే రేకు అంటించినవి, మధ్యలో కన్నం పెట్టినవి. వీరుడొక్కడే అట్టంతా నిండిపోయి పళ్ళు కొరుకుతున్నాడు. ఊరు లేదు, నేల లేదు.

"కాళ్ళు గీయడం కూడా రాదేమోనే వీళ్ళకి," అంది ఫిలొమీనా ఒక అట్ట తిరగేసి. "మోకాళ్ళ కింద అంతా పొగే."

"వీడు ఎవర్ని కాపాడుతున్నట్టు?" అంది ఎటెల్కా.

"ఎవరున్నారని కాపాడ్డానికి?"

తొంభై నాలుగు మార్చిలో దుకాణం మూసేశారు. టట్‌హిల్ అప్పటికే పోయాడు. ఆయన అల్లుడు వచ్చి ఆరుగురికీ చేతులు కలిపి, ఇష్టమైతే కుంచెలు పట్టుకెళ్ళమన్నాడు. ఎటెల్కా ఏదీ తీసుకోలేదు. రెండేళ్ళకు ఫిలొమీనా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మెల్లగా ఎటెల్కా చూపు నడుమ మచ్చ పడింది. అంచులు కనబడేవి, ఎదురుగా ఉన్నది కనబడేది కాదు.

శుక్రవారాలు చర్చి కింది గదిలో ఆడవాళ్ళంతా కూర్చుని ఆదివారం అమ్మకానికి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టేవాళ్ళు. ఎటెల్కా తడుముకుంటూనే చుట్టేది. ఒకటీ విడిపోయేది కాదు. ఒకసారి పక్కన కూర్చున్న కొత్తామె అడిగింది.

"మీ చెయ్యి భలే కుదురండీ పిన్నిగారూ. పూర్వం ఏం పని చేసేవారు?"

"రంగులు వేసేదాన్ని."

"ఇళ్ళకా?"

ఎటెల్కా ఇంకో ఆకు కోసం చెయ్యి చాపింది. "ఆ, ఇళ్ళకే," అంది.