ఏమీ తెలియని శాంసన్

మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి శాంసన్‌కు ఈ లోకంలో ఏ విషయమూ తెలియదు. పెద్దమనిషి కనిపిస్తే మాత్రం ఏదో ఒకటి అడగకుండా ఉండలేడు. అడిగితే అడిగాడు, ముఖం చూడకుండా అడగలేడు. అతను నడిపేది షేర్ ఆటో కావడంతో వచ్చింది చిక్కంతా. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే దారిలో ఉన్నట్టుండి ఇంజను ఆపి, పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని, "అవ్వా, నాకొక ముచ్చట చెప్పు" అన్నాడంటే, జవాబు పూర్తయ్యేదాకా ఆటో కదలదు.

మొయినాబాద్‌లో కిరాణా కొట్టు ముకుందం కూతురు అక్షిత చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి నెలైంది. ఆ నెలలో ఆరుసార్లు ఆలస్యం. ఆరూ శాంసన్ పుణ్యమే.

"గదంత ఫోన్ల కొడితే వస్తది గదన్నా!" అని ఒకరోజు విసుక్కుంది.

"ఫోన్ల మొఖం కనవడదు గద మేడం. చెప్పేటోళ్ల కండ్లల్ల చూస్తేనే, వాళ్లు పడ్డ కష్టం చెప్తున్నరా, ఎవరో చెప్పింది చెప్తున్నరా ఎర్కైతది."

వాదించే ఓపిక ఆమెకు లేదు. టైము అసలే లేదు.

పోనీ, అడిగేవి అతనికి పనికొచ్చేవా అంటే అదీ కాదు. ఒకనాడు వందల కాన్పులు చేసిన ఆలూరు రాములమ్మను పట్టుకుని, "అవ్వా, బాలెంతకు పాలు సరిగ పడకుంటే ఏం జెయ్యాలె?" అన్నాడు. శాంసన్‌కు పెళ్లే కాలేదు. మీసాలు మాత్రం బారెడు. ఆటో అంతా విరగబడి నవ్వింది.

"నీకెందుకురా గా ముచ్చట?" అంది రాములమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"తెలుసుకుంటే ఏం పోతదవ్వా? జర వివరంగ చెప్పు."

పసిబిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పట్టమంది రాములమ్మ. కడుపు నిండా తినమంది. పాలు లేవని దెప్పేవాళ్లను ఆమడ దూరం పెట్టమంది. అయినా పడకపోతే దవాఖానకు పొమ్మంది. శాంసన్ తృప్తిగా తల ఊపి ఇంజను స్టార్ట్ చేశాడు. బొత్తిగా తిక్కమనిషి అనుకుంది అక్షిత.

అసలు ఆమె బాధ వేరే ఉంది. ఎనిమిదో తరగతిలో నలభై మంది పిల్లలు, ఒక్కరూ మాట వినరు. "మా బిడ్డ టీచరమ్మ" అని నాన్న ఉప్పు ప్యాకెట్‌కు వచ్చినవాళ్లకు కూడా చెప్పుకుంటున్నాడు. ఆయనకు చెప్పలేక, ఒక గురువారం ఆటోలోంచే స్నేహితురాలికి ఫోన్ చేసి గుసగుసలాడింది: "నాతోని కాదే. అరిచి అరిచి గొంతు పోయింది. రేపు రాజీనామా ఇస్తున్న." షేర్ ఆటోలో గుసగుస అంటే ఆరుగురు విన్నట్టే లెక్క.

మర్నాడు రాజీనామా కాగితం బ్యాగులో పెట్టుకుని ఎక్కింది. అంతమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుగా నలభై మంది కలుపు కూలీలను చేలకు తీసుకెళ్లే పెద్ద మేస్త్రి ఆమె. ఆటో ఆగనే ఆగింది.

"అవ్వా, నలభై మంది మన మాట వినాలంటే ఎట్ల?"

"నీ ఆటోల ఎక్కేది ఏడుగురే గదరా. నలభై మంది ఏడికెళ్లొచ్చిన్రు?"

"ఏమో, రేపు బస్సు కొంటనేమో!"

అంతా నవ్వారు. అంతమ్మ మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ పని ఎట్లా చేస్తావని ఆమెను ఒక్కరూ అడగలేదు మరి. సర్దుకు కూర్చుంది.

"ముందుగాల ఒర్రకు. నువ్వొర్రితే వాళ్లు నీకంటె ఎక్కువ ఒర్రుతరు. మెల్లగ మాట్లాడు, ఏమంటున్నదో అని వాళ్లే ఊకుంటరు. పేరు పెట్టి పిలువు. 'ఏయ్' అంటే ఎవ్వతీ వంగదు. ఇగ అందరికంటె నోరెక్కువున్నదాన్ని ముందు సాలు పట్టమను. పెత్తనం మీదపడ్డంక దాని నోరు దానంతటదే మూతవడ్తది."

అక్షిత ఆరోజు కాగితం ఇవ్వలేదు. మెల్లగా మాట్లాడింది. రాత్రంతా కూర్చుని నలభై పేర్లూ కంఠస్థం చేసింది. క్లాసులో అందరికన్నా నోరున్న వర్షితను లీడరును చేసింది. పది రోజులకు ఎనిమిదో తరగతి దారికొచ్చింది. రాజీనామా కాగితం చిత్తు లెక్కలకు పనికొచ్చింది.

ఆ సంబరంలో ఉండగానే ఒకరోజు ఆటోలో చంటిబిడ్డతో పక్కన కూర్చున్న లిదియా చెవిలో చెప్పింది: "అక్కా, శాంసనన్న పాల ముచ్చట అడిగిన్నాడు నేను గీ మూలకే ఉన్న. పాలు లేవని ముందటి దినమే అత్త గీ ఆటోల దెప్పింది, ఆమె ముందట అడగలేక చచ్చిపోతుంటి."

అక్షిత చప్పున శాంసన్ వైపు చూసింది. ఇన్నాళ్లూ తిక్కమనిషి అనుకున్నవాడు నలుగురిలో నవ్వులపాలైంది ఎవరి కోసమో అప్పుడర్థమైంది. ఇలాంటివాడి ఆటోలో రోజూ ఎక్కుతున్నందుకు ఆమెకు గర్వం ముంచుకొచ్చింది. ఆగలేక అడిగేసింది.

"అన్నా, గా నలభై మంది ముచ్చట నాకోసమే అడిగినవా?"

"లే మేడం. నాకు నిజంగనే ఏం తెల్వది" అన్నాడు శాంసన్, రోడ్డు వైపే చూస్తూ. ముఖం చూడకుండా అతను మాట్లాడటం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా ఆటో మళ్లీ ఆగింది. ఈసారి శాంసన్ నేరుగా అక్షిత వైపు తిరిగాడు.

"మేడం, నాకొక ముచ్చట చెప్పుండ్రి. సదువిడిసి పదేండ్లయినంక పదో తరగతి పరీక్ష రాయొచ్చునా? ఇప్పుడు రాస్తే నలుగురు నవ్వరా?"

ఆటోలో నవ్వులు మొదలయ్యాయి. ఇరవై మూడేళ్ల అక్షిత నడుము నిటారు చేసింది. వెనక ఎవరున్నారో తిరిగి చూడలేదు. శాంసన్ కళ్లలోకే చూస్తూ, వెనక సీటుదాకా వినిపించేలా చెప్పింది.

"ఎందుకు రాయొద్దన్నా? నవ్వేటోళ్లు నాలుగు దినాలు నవ్వుతరు, సర్టిఫికెట్ ఎప్పటికుంటది. లెక్కలు నేను చెప్త. పొద్దుగూకినంక మా ఇంటికి రమ్మను..."

నాలుక కరుచుకుంది.

"అంటే... నువ్వే రా అన్నా."