ఏ పార్టీదీ కాని రంగు

మూసిన కవరును వాసన చూసి, లోపలున్న చీర ఏ పార్టీకి ఓటేస్తుందో చెప్పగల మనిషి పాత పాలమూరు జిల్లా మొత్తానికి ఒక్కతే ఉంది. ఆమె మా ఉప్పలమ్మ చిన్నమ్మ. నమ్మకపోతే మీ ఇష్టం. నేను ఇంటర్ సగంలో వదిలేసినవాణ్ణే గానీ, కల్వకుర్తి చుట్టుపక్కల నా ఆటో ఎక్కని మనిషి లేడు, నాకు తెలియని సంగతి లేదు.

చిన్నమ్మ మా ఊరి పంచాయతీలో సఫాయి పని చేస్తుంది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని బయలుదేరితే వాడలో కోళ్ళు కూడా పక్కకు తప్పుకుని దారిస్తాయి. ఆ చీపురు ఆమె చేతికి ఎలా వచ్చిందో చెబితే తప్ప ఆమె అనుమానం మీకు అర్థం కాదు. అంతకుముందు ఆ పని జంగమ్మ చేసేది. ఒక ఎన్నికప్పుడు జంగమ్మ పెనిమిటి మెడలో కండువా వేసుకుని ఎవరి ఫ్లెక్సీలోనో నిలబడ్డాడు. వెనక వరుసలోనే. సగం మొహమే కనబడింది. గెలిచింది అవతలివాళ్ళు. పండక్కి ముందే జంగమ్మను మానిపించారు, చీపురు చిన్నమ్మకు ఇచ్చారు. చిన్నాయన యోహాను చనిపోయాక ఆ ఇల్లు నిలబడింది ఆ పని మీదే. కొడుకు బెంజమిన్‌కు జడ్చర్ల మందుల కంపెనీలో పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు ఇంట్లో ఉంటాడు. అందుకని ఎన్నికల కాలంలో ఫోటో అనే మాట వినబడితే చాలు, చిన్నమ్మ కొంగు బిగించుకుంటుంది.

సరిగ్గా అలాంటి కాలంలోనే, ఊరూరా పంచాయతీ ఎన్నికలు క్రిస్మస్ నెలలో వచ్చి పడ్డ ఏడాది, కోడలు పూజ ఒక మాట తెచ్చింది. అందరం ఒకే రంగు బట్టలు కుట్టించుకుని కల్వకుర్తి స్టూడియోలో ఫోటో దిగుదామని, పెద్ద ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుందామని. చిన్నమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి కొడుకు మొహంలోకి చూసింది. ఒకే రంగు ఎందుకు? ఇప్పుడే ఎందుకు? వీడు ఎవడో లీడరుకు మాటిచ్చి వచ్చాడని అక్కడికక్కడే తేల్చేసుకుంది.

ఆ రోజు నుంచి బెంజమిన్ బతుకు బతుకు కాదు. వాడు ఫోను ఎత్తితే గోడ అవతల చిన్నమ్మ చెవి ఉండేది. వాడు ఎవరింట చాయ్ తాగాడో వాడు ఇల్లు చేరకముందే ఆమెకు చేరేది. వాడు తుమ్మితే ఏ లీడరు గల్లీలో జలుబు పట్టిందోనని ఆరా తీసేది. పాపం వాడు, దగ్గొచ్చినా ఊరి బయటికి పోయి దగ్గి వచ్చేవాడు.

బట్టలకు అందరినీ నా ఆటోలోనే తీసుకుపోయాను. రజాక్ సేటు దుకాణంలో పూజ మొదట గులాబీ రంగు తాను విప్పించింది. చిన్నమ్మ దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు.

"గా రంగు ఎవలదో నీకు ఎర్క లేదా?" అంది.

పూజ మారుమాట్లాడకుండా పక్కన పెట్టించింది. కాషాయం వచ్చింది, పోయింది. ఆకుపచ్చ పోయింది, నీలం పోయింది. ఎరుపు సంగతి అడగనే అక్కర్లేదు. పసుపు తీసినప్పుడు, ఆ రంగువాళ్ళు ఇప్పుడు మన దగ్గర లేరు కదా అని నేను అడ్డం వచ్చాను. లేనోళ్ళు రేపు రారని రాసిస్తావా అని నన్నే నిలదీసింది. సేటు విసిగిపోయి తెల్లబట్ట ముందర పరిచాడు.

"తెల్లంగి తొడిగినోడే మొదలు లీడర్ అయితడు సేటూ," అంది చిన్నమ్మ. "తీసెయ్."

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఎన్ని రంగులు కాదన్నా పూజ మొహం మాడలేదు. సరే అత్తమ్మా, సరే అత్తమ్మా అంటూ ఒక్కొక్కటే మడిచి ఇచ్చేసింది. చిన్నమ్మ నన్ను మెట్ల మీదికి లాక్కుపోయి నా చెవిలో ఊదింది.

"రాజేశ్‌గా, గీ పిల్ల పప్పుల ఉప్పు తక్కువయిందంటే రెండు దినాలు మొకం చూపియ్యది. గిప్పుడు నేనేమంటే దానికి ఊ కొడతాంది. వాడేందో నేర్పి తోలిండు."

వాడు లోపల కూతురు మల్లికను ఎత్తుకుని దిక్కులు చూస్తున్నాడు. నాకైతే నేర్చుకున్నవాడిలాగే కనబడలేదు, నేర్పేవాడిలా ఎట్లా కనబడతాడు?

చివరికి అన్నిటికన్నా అడుగున ఒక తాను దొరికింది. కాఫీపొడి రంగు. సేటు దులిపితే లేచిన దుమ్ముకు శ్రీశైలం పోయే బస్సులు లైట్లు వేసుకున్నాయి. దీన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా అన్నాడు సేటు. ఆ మాటకే చిన్నమ్మ మొహం విప్పారింది. అయినా ఊరికే ఒప్పుకోలేదు. బట్టను ఎండలోకి తెచ్చి, అటూ ఇటూ తిప్పి, కాషాయం వైపు మొగ్గుతుందేమోనని చాలాసేపు చూసింది. మొగ్గలేదు. కొడుక్కు అంగీ, మనవరాలికి గౌను అందులోనే కత్తిరించారు. అత్తాకోడళ్ళకు అదే రంగు చీరలు సేటు లోపలి గదిలోంచి వెతికి తెచ్చాడు.

ఫోటోకు పోయిన పొద్దున చలి ఎముకలు కొరుకుతోంది. మల్లిక స్వెట్టరు గులాబీది. స్టూడియో గడపలోనే చిన్నమ్మ దాన్ని విప్పేసి, పిల్ల వణుకుతుంటే తన కొంగులో చుట్టుకుని నిలబడింది. ఫోటోలు తీసే రియాజ్ అందరినీ వరుసలో పెట్టాడు. చిన్నమ్మ ఎప్పటిలాగే చివరన నిలబడబోయింది. పూజ చెయ్యి పట్టుకుని తెచ్చి నడిమధ్యలో నిలబెట్టింది. బెంజమిన్ తనంతట తానే పోయి అంచున నిలబడ్డాడు.

"నన్నెందుకు నడుమ పెడుతున్నరు?" అంది చిన్నమ్మ.

రియాజ్ పాపం అమాయకుడు. పూజ ముందే ఫోను చేసి మాట్లాడి పెట్టుకుందట, అది రహస్యమని అతనికి తెలియదు. కెమెరా వెనక నుంచి తల బయటపెట్టి పూజనే అడిగాడు.

"అక్కా, ఫ్లెక్సీల వార్డు నంబరు నీ పేరు కింద పెట్టాలా, పైన పెట్టాలా?"

చిన్నమ్మ చెయ్యి అలవాటు కొద్దీ బెంజమిన్ అంగీ గల్లా మీదికి పోయింది.

"నేను కాదమ్మా," అన్నాడు వాడు.

అప్పుడు చిన్నమ్మ మెల్లగా కోడలి వైపు తిరిగింది. ఇన్ని రోజులూ కొడుకు తుమ్ములు వాసన చూసిన మనిషి, పక్కనే కూర్చుని కూరలు తరిగినదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. పూజ తల వంచుకోలేదు. తమ వార్డు ఈసారి ఆడవాళ్ళకు వచ్చిందని, పొదుపు సంఘం ఆడోళ్ళంతా మెంబరుగా నిలబడమన్నారని, ఇంట్లో చెప్పే ధైర్యం చాలక ఫోటో సాకు పెట్టుకున్నానని అంతా చెప్పేసింది.

"నా ఎనక ఏ పార్టీ లేదు అత్తమ్మా. నువ్వు వద్దన్న రంగులన్ని నేను సుత వద్దనుకున్నయే."

"మరి నడుమ నేనెందుకు?"

"వార్డుల నా మొకం ఎవలకు ఎర్క? నువ్వు ఊడవని వాకిలి ఒక్కటన్న ఉన్నదా?"

ఆ మాటకు స్టూడియోలో పరదా మీద గీసిన జలపాతం ధార ఆపేసింది. నేను కళ్ళారా చూశాను.

"అవతల నిలబడేది సర్పంచి కాబోయేటోని మనిషి," అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు ఓడితే నా చీపురు ఎవల చేతుల ఉంటదో చెప్పు."

నువ్వు వద్దంటే ఇప్పుడే ఇంటికి పోదాం, ఫోటో దిగొద్దు అంది పూజ. రియాజ్ దీపాలు ఆర్పాలో వద్దో తెలియక మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. చిన్నమ్మ మల్లికను కొంగులోంచి దించి కొడుకు చేతికిచ్చింది. వంగి కోడలి చీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటే లాగి సరిచేసింది. తర్వాత పోయి నడిమధ్యలో నిలబడింది.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ మా వాడ మూలమలుపులో కట్టి ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తుంటే చిన్నమ్మ ఒక్కతే కళ్ళు పక్కకు తిప్పి కోడలిని చూస్తుంటుంది. పోలింగు ఇంకా కాలేదు. అత్త తన ఉద్యోగాన్ని కోడలి పాదాల దగ్గర పెట్టి, కళ్ళనీళ్ళతో రెండు చేతులా దీవించిందని నా ఆటో ఎక్కిన ప్రతి మనిషికీ చెబుతున్నాను. విన్న ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు కూడా. మొన్న పొద్దున ఆ ఫ్లెక్సీ కిందే చిన్నమ్మ ఊడుస్తుంటే ఆటో ఆపి, ఇదంతా ఆమెకే మొదటి నుంచి చివరిదాకా వినిపించాను. చెత్తను ఒక దగ్గరికి నెట్టి, నడుము నిటారు చేసి అంది:

"దీవెన లేదు, గీవెన లేదు. కుచ్చిళ్ళు వంకరగున్నయని సరిచేసిన. ఓటు ఎవలకు ఏస్తనో ఇంకా అనుకోలే."