పూజగదిలోంచి వచ్చిన గంట

"వియన్నా నుంచి చక్రవర్తి కబురు పెట్టాడమ్మా, మా సభకు రండీ అని. హంగరీ వాళ్ళు పోలేదు. కుర్చీలు ఖాళీగా వదిలేసి ఇంట్లో కూచున్నారు. ఏళ్ళ తరబడి. చివరికి ఆయనే దిగొచ్చి వాళ్ళ పార్లమెంటు వాళ్ళకిచ్చాడు."

పరశురాముడు గారికి ఈ పాఠం కంఠతా వచ్చు. మలేషియా పామాయిల్ తోటల్లో పుట్టి, సింగపూర్ వచ్చి, బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు ఆంగ్ మో కియోలోని ఆయన ఫ్లాట్‌లో కూచుని ఆ మాటలు వినడం నిఖిలకు ఇష్టం. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్ల. తాతలాంటి మనిషి దొరికాడని సంబరం.

ఆ పాఠాన్నే ఆయన పేటలోని భారతీయ సంఘం మీద ప్రయోగించారు. అక్కడ పండగ కార్యక్రమాల్లో తెలుగుకు దక్కేది జనం లేచిపోయే వేళ ఒక పాట. తెలుగువాళ్ళెవరూ మీటింగులకు పోకుండా కట్టడి చేశారు. విసిగిపోయి సంఘం వాళ్ళు తెలుగు విభాగం వేరుగా ఇచ్చారు. అధ్యక్షుడు ఈయనే. మొదటి నియమమూ ఈయనదే: వేదిక మీద పరాయి మాట దొర్లితే గంట కొట్టాలి.

ఉగాదికి కథ చెబుతానని పోయిన వారం రిహార్సల్‌లో ఆయన భార్య బంగారమ్మ లేచింది. మలేషియా తోటలో చిన్నప్పుడు తల్లి చెప్పిన కథ. ఒక్కసారి నలుగురి ముందు చెప్పాలని ఎన్నాళ్ళ కోరికో.

"ముసిల్ది పసార్‌కెల్లి..."

గంట మోగింది. 'పసార్' మలయ్ మాట, 'సంత' అనాలని ఎవరో అందించారు. ఆవిడ తడబడి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ మోగింది. ఆ గంట ఆవిడ పూజగదిలోదే.

"మాయమ్మ అలాగే సెప్పేది," అంది నెమ్మదిగా.

"మీ అమ్మ వచ్చి చెప్పినా కొట్టేవాణ్ణే," అన్నారాయన.

హాలంతా నవ్వింది. నిఖిల కూడా నవ్వింది. బంగారమ్మ కూచుంది. అప్పట్నుంచీ ఆయనతో మాట లేదు.

"అంకుల్, పార్లమెంటు వచ్చాక హంగరీలో ఉన్న స్లోవాక్‌లూ రుమేనియన్లూ ఏమయ్యారు?" పాఠం మధ్యలో అడిగింది నిఖిల. ఇవాళే ఉగాది.

"బళ్ళలో హంగరీ భాష నేర్పారు. దేశమన్నాక ఒక పద్ధతుండాలి కదా."

"మరి వాళ్ళ భాష?"

"ఇంట్లో మాట్లాడుకోమన్నారు. ఏడ్చే ఉంటార్లే. పుస్తకంలో అర పేజీ. పరీక్షలో రాదు."

నిఖిల వంటింటి వైపు చూసింది. "సాయంత్రం ఆంటీ కథ ఉందా?"

"తీసేశాను. ఆ చోట నీ పేరు పెట్టాను. నీ తెలుగు శుభ్రంగా ఉంటుంది."

నిఖిల నోరు తెరిచేలోగా ఆయన చెయ్యెత్తారు.

"గంట కనపడటం లేదు. నేనడిగితే మీ ఆంటీ పలకదు. నువ్వెళ్ళి అడిగి పట్టుకురా. పసార్‌లో పారేశానంటే నమ్మకు."