బంగళా బావికి మూత

పుత్తూరు దగ్గర మా ఊరి చివర మద్రాసు వాళ్ల వేసవి బంగళా ఒకటి ఉండేది. దాని బావిని చూసుకునే పెద్దాయన రోజూ పొద్దున్నే మొదటి బొక్కెన తోడి, వాసన చూసి, ఒక గుక్క తాగేవాడు. ఆ తర్వాతే ఊరి ఆడవాళ్లను తోడుకోమనేవాడు.

"బంగళా వాళ్ల నీళ్లు ఊరికిస్తావేంది మామా?" అని ఒకసారి అడిగాను.

"తోడకుంటే మురిగిపోతాయి. వాళ్లుండేది నెల దినాలు. మిగతా పదకొండు నెల్లు నువ్వొచ్చి తోడతావా అల్లుడా?" అని నవ్వాడు.

ఆ వేసవిలో నేను లైబ్రరీలో ఒక ఆరోగ్య పుస్తకం చదివాను. పదిమంది బొక్కెనలు దిగే బావికి మూత ఉండాలని, పెద్దాయన లేనప్పుడు, బంగళా యజమానికి గొప్పగా చెప్పాను. ఆయన ఇనుప మూత బిగించి, తాళంచెవి మద్రాసుకు పట్టుకుపోయాడు.

మరుసటి ఏడు మూత తీస్తే నీళ్లు నల్లబడి కంపు కొట్టాయి. "ఒక్క బావిని చూసుకోలేకపోయావా?" అని యజమాని పెద్దాయనను పనిలోంచి తీసేశాడు. పక్కనే ఉన్నా నేను నోరు విప్పలేదు.

గేటు దాటాక పెద్దాయన నాతో అన్నాడు: "సదువుకున్నోడివి. మూత వద్దని నువ్వు సెప్పింటే ఆయప్ప ఇనుండేవాడు."

"అవును మామా" అన్నాను.